సముద్రానికి లైన్ క్లియర్

పెదనక్కపాలెంలో పుట్టి, పెదనక్కపాలెంలోనే మెట్టి, బుద్ధెరిగినప్పటి నుంచీ చీలమండల లోతు ఉప్పునీళ్ళలో నిలబడుతున్న కాటూరి సామ్రాజ్యానికి, తాను నిలబడింది కరెంటులో అన్న సంగతి యాభై మూడో ఏట గానీ తెలియలేదు. అదైనా తనంతట తాను తెలుసుకున్నది కాదు. అధికారులు జీపు వేసుకొచ్చి మరీ చెప్పారు.

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. అధికారులకు కూడా ఆ విషయం అంతకు ముందు నెలలోనే తెలిసింది. విద్యుత్తు భద్రత చూసే ఆ సంస్థకు ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని మూడు రోజుల శిక్షణ కోసం ఒక చల్లటి కొండ ఊరికి పంపించారు. రెండో రోజు భోజనాలయ్యాక ఒక ప్రొఫెసరు తెర మీద బొమ్మలు వేసి పాఠం చెబుతున్నాడు. పరమాణువులో ధనావేశమూ ఋణావేశమూ సరిసమానంగా ఉంటాయట. అందులోంచి ఒక ఎలక్ట్రాను పోతే ధనావేశం మిగులుతుందట. ఒకటి వచ్చి చేరితే ఋణావేశం వస్తుందట. అలా ఆవేశం తెచ్చుకున్న కణాన్నే అయాన్ అంటారట. పెద్దాయన సరిగ్గా అక్కడ నిద్ర లేచాడు.

"ఎవరి అనుమతితో?" అని అడిగాడు.

ప్రొఫెసరు తడబడి, అనుమతి లేకుండానే జరిగిపోతుందని ఒప్పుకున్నాడు. పెద్దాయనకు గొప్ప మనస్తాపం కలిగింది. ఇన్నేళ్ళుగా తమ సంస్థ తీగలనీ స్తంభాలనీ పట్టుకు వేలాడుతోందే తప్ప, ఆవేశానికి అసలు పుట్టిల్లయిన పరమాణువుని పట్టించుకోనే లేదు. కొండ దిగిన మర్నాడే ఆవేశిత కణముల నియంత్రణ ఉత్తర్వు వెలువడింది. "స్వేచ్ఛగా సంచరించు ఆవేశిత కణములు ఎచ్చట గలవో అచ్చట విద్యుత్తు గలదని భావించవలెను. అట్టి చోట లైన్ క్లియర్ లేనిదే ఏ వ్యక్తియు చేయి గాని కాలు గాని పెట్టరాదు" అన్నది దాని సారాంశం.

లైన్ క్లియర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్లో ఆ లైనుకు కరెంటు ఆపేసి, ఆపామని చీటీ రాసిస్తారు. ఆ చీటీ వచ్చేదాకా అతను స్తంభం ఎక్కడు. మంచి రూలు, ఎందరి ప్రాణాలో నిలబెట్టిన రూలు. దాన్ని తీసుకొచ్చి ఉప్పు మడికి పెట్టారు.

అప్పుడు మే నెల మూడో వారం. సామ్రాజ్యానికి నాలుగు మడులున్నాయి. నాలుగింటిలోనూ ఉప్పు పేరుకుని, కళ్ళు చెదిరేటంత తెల్లగా ఉంది. చెక్క పలకలతో గట్టు మీదికి లాగి, కుప్పలు పోసి, తాటాకు కప్పెయ్యడమే మిగిలింది. పద్దెనిమిది మంది కూలీలకు మూడు రోజుల పని. ఆలోపు వాన పడిందా, ఉప్పు వచ్చిన నీళ్ళలోకే తిరిగి వెళ్ళిపోతుంది. నాలుగు నెలల కష్టం, పద్దెనిమిది ఇళ్ళ ఏడాది తిండి, ఒక్క గంటలో కరిగిపోతాయి. అందుకని ఆ రోజుల్లో ఆవిడ మనుషుల మొహాలకన్నా ఆకాశం మొహమే ఎక్కువ చూస్తుంది.

ఆ ఉదయం కూలీలు ఇంకా పలకలు చేతబట్టకముందే జీపు వచ్చి గట్టు దగ్గర ఆగింది. ముందు లైన్‌మన్ ఏసోబు దిగి, గొడుగు విప్పి పట్టుకున్నాడు. ఆ గొడుగు కిందికి దండిభొట్ల సూర్యప్రకాశరావు గారు దిగారు. కొత్తగా పుట్టిన అయాన్ భద్రతాధికారి ఉద్యోగంలో వారం కిందటే చేరారు. ఇంజనీరుగా ఇరవై ఏళ్ళు పనిచేసినా, ఒక ఉత్తర్వును మొదటగా అమలు చేసే భాగ్యం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. ఆ ఆనందం ఆయన నడకలోనే కనిపిస్తోంది.

"ఈ ఆవరణకు యజమాని ఎవరు?" అన్నారు.

"ఆవరణేంది సారూ, మడి. నాదే" అంది సామ్రాజ్యం.

"తమరు ప్రస్తుతం విద్యుదావేశంలో నిలబడి ఉన్నారు. దయచేసి గట్టెక్కండి."

సామ్రాజ్యం ముందు తల పైకెత్తి చూసింది, ఏ తీగైనా తెగి వేలాడుతోందేమోనని. ఏమీ లేదు. తరవాత కాళ్ళ కిందికి చూసుకుంది. అక్కడా రోజూ ఉండే నీళ్ళే ఉన్నాయి. అయినా అధికారి చెప్పాడు కదా అని గట్టెక్కింది. వెనకాలే కూలీలూ ఎక్కారు.

ఏసోబు జీపులోంచి ఒక చెక్క పెట్టె తెచ్చాడు. పెట్టె మీద చిన్న ఎర్ర లైటు, పక్కనుంచి రెండు ఇనప ఊచలు. ఊచలు రెండూ మడిలో ముంచగానే లైటు వెలిగింది, పెట్టె కీచుమంది.

"చూశారా" అన్నారు సూర్యప్రకాశరావు గారు, అందరి వైపూ తిరిగి.

సామ్రాజ్యం వంగి పెట్టె వెనక్కి చూసింది. "దాని ఎనకాల బ్యాటరీ ఉంది గదా సారూ. ఆ లైటు బ్యాటరీదేమో."

"బ్యాటరీ లేకపోతే లైటు ఎలా వెలుగుతుందమ్మా?" అన్నారాయన, చదువుకోనివాళ్ళ మీద చూపించవలసిన ఓర్పుతో.

తరవాత జేబులోంచి కాగితం తీసి చదివారు. సోడియం అనబడు పరమాణువు తన వెలుపలి కక్ష్యయందలి ఏకైక ఎలక్ట్రానును కోల్పోవుట, క్లోరిన్ అనబడు పరమాణువు దానిని పొందుట, తత్ఫలితముగా ఉభయులును ఆవేశితులగుట. కూలీలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏసోబు చిన్నగా దగ్గి, తన భాషలోకి దించాడు.

"అంటే అక్కా, సోడియం అనేవాడి దగ్గర పదకొండు ఎలక్ట్రాన్లుంటాయంట. ఆ చివర్ది ఎప్పుడూ ఊగులాడతా ఉంటదంట. క్లోరిన్ అనేవాడికి పదిహేడు. ఆడికి ఇంకొక్కటి దొరికితే కడుపు నిండద్ది. ఈడు ఇచ్చాడు, ఆడు తీసుకున్నాడు. ఇచ్చినోడు ప్లస్సు అయినాడు, తీసుకున్నోడు మైనస్సు అయినాడు. ఇద్దరూ అతుక్కోని ఉప్పయినారు. అంతే."

కూలీల్లో పెద్దదయిన నాంచారమ్మ నోట్లో పొగాకు పక్కకి తోసింది. "ఇచ్చినోడు బానే ఉన్నాడు, తీసుకున్నోడు బానే ఉన్నాడు. మద్దెన ఈయన్నెవరు పిలిచారు?"

సూర్యప్రకాశరావు గారు ఆ మాట వినిపించుకోలేదు. "ఉప్పు గడ్డగా ఉన్నంతసేపూ ఈ అయాన్లు బారులు తీరి, కదలకుండా, క్రమశిక్షణతో ఉంటాయి. నీళ్ళు తగలగానే నీటి అణువులు వాటిని చుట్టుముట్టి, ఒక్కొక్కదాన్నే వరసలోంచి లాగేస్తాయి. అప్పుడు వాటికి స్వేచ్ఛ వస్తుంది. స్వేచ్ఛ వచ్చిందంటే మా పరిధిలోకి వచ్చినట్టే."

"అయితే ఇప్పుడది ఎండి గడ్డయిపోయింది గదా. మమ్మల్ని లాక్కోనీయండి. ఇంక తప్పేముంది?" అంది సామ్రాజ్యం.

"అడుగున తడి ఉంది. తడి ఉన్నంతవరకూ లైను సజీవం. లైన్ క్లియర్ లేకుండా పలక వేస్తే కేసవుతుంది."

ఆయన జీపెక్కి వెళ్ళిపోయారు. వెళ్తూ నాలుగు మడుల చుట్టూ ఎర్ర తాడు కట్టించారు. పద్దెనిమిది మంది పలకలు పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. ఉప్పు కళ్ళెదురుగా ఉంది, చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆకాశం ఇంకా నిర్మలంగా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి ఉప్పు లాగడానికి?

మర్నాడు ఆవిడ లైన్ క్లియర్ దరఖాస్తు పెట్టడానికి ఆఫీసుకి వెళ్ళింది. దరఖాస్తు కరెంటు లైన్ల కోసం ఎప్పుడో అచ్చేసినదే. గుమాస్తా లేకపోవడంతో ఏసోబే కలం పట్టుకుని అడుగుతున్నాడు.

"సరఫరా యాడ నుంచి వస్తంది?"

"సముద్రం నుంచి."

ఏసోబు రాశాడు. "సరఫరా ఆపే అధికారి పేరు, హోదా?"

సామ్రాజ్యం అంది, "కాలవ తలుపు నేనే ఏస్తాను. మొన్ననే ఏశా కూడా."

లోపలి గదిలోంచి సూర్యప్రకాశరావు గారు ఆ మాట విన్నారు. ఏసీ గది తలుపు కొంచెం తెరిచి, "అది స్థానిక నిలుపుదల. సరఫరాను మూలస్థానంలో ఆపాలి. లేకపోతే వెనకనుంచి తన్నుకొచ్చి ప్రాణాలు పోతాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్ని చూశాను" అన్నారు.

ఆ మాటలో అబద్ధం లేదు. తీగల విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ నిజాన్ని పట్టుకునే ఆయన సముద్రానికి నోటీసు తయారు చేశారు. "తమ నుండి బయలుదేరు ఆవేశిత కణముల సరఫరాను తాత్కాలికముగా ఏల నిలుపరాదో పదిహేను రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను" అని రాసి, మూడు ప్రతులు తీయించారు. చిరునామా లేకపోవడం వల్ల, ఒడ్డున వలలు ఆరేసుకునే కర్రకు అంటించి రమ్మన్నారు. ఏసోబు అంటించాడు. సాయంత్రం పోటుకి కెరటం వచ్చి కాగితాన్ని ఊడబెరుక్కుపోయింది.

"అందిందా?" అన్నారు అధికారి మర్నాడు.

"అందింది సార్. తీసుకెళ్ళిపోయింది."

"సంతకం?"

"కర్రని తడిపి పోయింది సార్."

"స్వీకరించినట్టు రాయి" అన్నారాయన.

పదిహేను రోజులంటే జూన్ వచ్చేస్తుంది. సామ్రాజ్యం ఆఫీసు అరుగు మీద కూర్చుని వేళ్ళు మడిచి లెక్కబెట్టుకుంది. అప్పటిదాకా ఏ ఏడూ వాన ఆగలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. కన్నీళ్ళలో కూడా ఉప్పుంటుందని, ఆ పెట్టె పక్కనే ఉందని ఆవిడకి గుర్తుంది.

అయితే సముద్రం సంజాయిషీ ఇచ్చేదాకా చేతులు ముడుచుక్కూర్చునే మనిషి కాదు సూర్యప్రకాశరావు గారు. మడిలో ఆవేశాన్ని తొలగించే మార్గం సూచించమని పైఆఫీసుకి రాశారు. పైఆఫీసులో వెంటనే నిపుణుల సంఘం కూర్చుంది. కూర్చున్న పూటే తేల్చేసింది. ఎలక్ట్రాను పోవడం వల్ల కదా సోడియం ఆవేశితమైంది, కనుక పోయిన ఎలక్ట్రానును క్లోరిన్ నుండి వెనక్కి ఇప్పించి, ఉభయ పరమాణువులనూ పూర్వస్థితికి తీసుకురావలెను. పూర్వస్థితిలో ఎవరికీ ఆవేశము ఉండదు, ఎవరికీ ప్రమాదము ఉండదు.

ఆ జవాబు చదివి సూర్యప్రకాశరావు గారు చాలా సంతోషించారు. ఎంతైనా ఇంజనీరు కదా, రాత్రి భోజనం దగ్గర పదో తరగతి చదివే కూతురి పుస్తకం తిరగేశారు. పొద్దున్నే మొహం పాలిపోయి ఆఫీసుకి వచ్చారు. అప్పటికే సామ్రాజ్యం వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏమయింది సారూ?" అంది, ఆయన వాలకం చూసి.

"పూర్వస్థితిలో సోడియం అనేది లోహమమ్మా. నీళ్ళు తగిలితే భగ్గుమంటుంది. క్లోరిన్ అయితే విషవాయువు. పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు కూరలో వేసుకుంటున్నాం."

"అంటే ఒకరిది ఒకరు పుచ్చుకోబట్టే ఇద్దరూ నెమ్మదించారు. దాన్ని మీరు ఎనక్కి ఇప్పిస్తే నా మడి తగలబడి, ఊరు ఊరంతా దగ్గి చస్తాది. అంతేనా?"

"సూత్రప్రాయంగా అంతే" అన్నారాయన. "కానీ మంటలు మా పరిధి కాదు. అగ్నిమాపక శాఖ అభ్యంతరం లేదని రాసిస్తే మేము ముందుకు వెళ్ళవచ్చు." ఆ మాట అన్నందుకు ఆయనకే భయమేసినట్టుంది. పైఆఫీసు జవాబును సొరుగులో పెట్టి తాళం వేశారు. సొరుగులో పడ్డ కాగితం ఊరికి మేలు చేయడం ఆ జిల్లాలో అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి ఏసోబు పెట్టె పట్టుకుని ఊరంతా తిరగవలసి వచ్చింది. నెలాఖరుకల్లా ఆవేశిత స్థలాల జాబితా పంపాలని హుకుం. బస్టాండు దగ్గర నిమ్మకాయ సోడా బండిలో ఊచలు పెడితే లైటు వెలిగింది. సోడియం ఒక్కటే కాదు, నిమ్మరసంలో పులుపుకు కారణమైన అణువు కూడా నీళ్ళలో పడితే తన హైడ్రోజన్‌ను ప్లస్సుగా వదిలేసి, తాను మైనస్సుగా మిగిలిపోతుందట. పరమాణువులే కాదు, అణువులు కూడా ఈ పనికి పాల్పడుతున్నాయని సూర్యప్రకాశరావు గారు నివేదికలో విచారం వెలిబుచ్చారు. సోడా బండికి ఎర్ర తాడు కట్టారు. ఇడ్లీ హోటల్లో సాంబారుకు కట్టారు. బడిలో తాగే నీళ్ళ పంపుకు కట్టారు. సోడాలో గుడ్డలు నానబెట్టిన చాకిరేవుకు కట్టబోతే, అక్కడి ఆడవాళ్ళు ఏసోబుకే కట్టి పంపించారు.

అలా కట్టించుకుని చెమటలు కక్కుతూ ఆఫీసుకి వచ్చి, ఏసోబు పెట్టెను బల్ల మీద పెట్టబోతూ రెండు ఊచలూ రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు. లైటు వెలిగింది. కీచుమని శబ్దం కూడా వచ్చింది.

గదిలో ఉన్న నలుగురూ రెండడుగులు వెనక్కి వేశారు.

"చెమట సార్" అన్నాడు ఏసోబు. "చెమట ఉప్పగా ఉంటది గదా."

సూర్యప్రకాశరావు గారు నిబంధనలకు కట్టుబడ్డ మనిషి. ఆయన ఏసోబును కూడా లైన్ క్లియర్ లేనిదే ఎవరూ తాకరాదని రాశారు. తరవాత ఆలోచిస్తే మిగతా లైన్‌మన్లకీ చెమట పడుతుందని తేలింది. చేతులే సజీవ లైనులైనప్పుడు, చేతులకు లైన్ క్లియర్ రాకుండా ఆ చేతులతో తీగలు ఎలా పట్టుకుంటారు? లైన్‌మన్లందరికీ ఈ తర్కం ఎంతో నచ్చింది. మే నెల ఎండలో స్తంభాలు ఎక్కడం మానేసి, చేతులకు అనుమతి వచ్చేదాకా వేపచెట్ల కింద పడుకున్నారు. రెండో రోజుకి ఎక్కడ పోయిన కరెంటు అక్కడే పోయింది. మూడో రోజు పెద్దాయన ఇంట్లో ఏసీ ఆగిపోయింది.

ఏసీ ఆగిన రెండు గంటల్లో సవరణ వచ్చింది. "సంస్థ ఉద్యోగుల శరీరము నుండి విధి నిర్వహణలో వెలువడు ఉప్పునీరు, పరిమాణముతో నిమిత్తము లేకుండా, పై ఉత్తర్వు నుండి మినహాయించడమైనది."

ఏసోబు ఆ కాగితం జేబులో పెట్టుకుని, సాయంత్రం మడి దగ్గరికి వచ్చాడు. వాడికి సామ్రాజ్యమంటే గౌరవం. చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా ఈ మడుల్లోనే ఉప్పు లాగింది. గట్టు మీద కూర్చుని, "మా చేతులకి వచ్చిందక్కా క్లియరెన్సు. నీ మడికే రాలేదు" అన్నాడు.

సామ్రాజ్యం దక్షిణం వైపు చూస్తోంది. సముద్రం మీద ఆకాశం అంచున బూడిదరంగు గీత ఒకటి లేచింది. ఇంకా ఊరిదాకా రావడానికి మూడు రోజులు, మహా అయితే నాలుగు.

"ఆ కాగితం చదువు" అంది.

వాడు చదివాడు.

"మళ్ళీ చదువు. పరిమాణంతో నిమిత్తం లేకుండా అంటే ఏంది?"

"ఎంతైనా పర్లేదని."

"చెంబుడైనా?"

"చెంబుడైనా."

"మడెడైనా?"

ఏసోబు కాగితం మడత పెట్టి, మడి వంక తిరిగాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం సామ్రాజ్యం కబురు పెట్టి సూర్యప్రకాశరావు గారిని మడి దగ్గరికి రప్పించింది. నెలాఖరు దగ్గర పడింది. పెండింగు దరఖాస్తు ఒక్కటి కూడా ఉండకూడదని పైనుంచి ఒత్తిడి ఉంది, అందుకని ఆయన రాకతప్పలేదు. జీపు దిగి గొడుగు కింద నిలబడ్డారు. గొడుగు పట్టుకున్న ఏసోబు ఎండలో నిలబడ్డాడు. గొడుగు అధికారి హోదాకు సరిపడేంతదే, ఇద్దరికి పట్టదు.

"సారూ, ఉద్యోగస్తుల చెమటకి రూలు లేదంటగా" అంది సామ్రాజ్యం.

"లేదు. మినహాయించాం."

"ఆ మడి వంక చూడండి."

ఏసోబు గడ్డం చివరనుంచి ఒక చుక్క జారి మడిలో పడింది. దాని వెనకాల ఇంకొకటి. ఎర్ర తాడుకు అవతల, తెల్లటి ఉప్పు మీద నిలిచిన పల్చటి తడిలో కలిసిపోయింది. నాలుగు మడుల తడీ గట్ల తూముల్లోంచి ఒకదాన్లోకి ఒకటి పారేదే.

"ఇప్పుడు దాంట్లో మీ ఉద్యోగి చెమట ఉంది. దానికి మినహాయింపుంది. దాని జోలికి రాగూడదు. తీసేసుకోండి, మిగతా నీళ్ళ సంగతి తరవాత చూసుకుందాం."

సూర్యప్రకాశరావు గారు వంగి చూశారు. "తీయడమంటే ఎలా? కలిసిపోయింది కదా. ఇతని ఒంట్లోంచి వచ్చిన సోడియం అయానూ, సముద్రంలోంచి వచ్చిన సోడియం అయానూ ఒక్కలాగే ఉంటాయి. ఏది ఎవరిదో ఏ పెట్టె పెట్టినా తెలియదు."

"అదే నేనూ అనేది సారూ. తెలియనప్పుడు ఏం చెయ్యాలని రాశారు ఉత్తర్వులో?"

ఆయన ఉత్తర్వు తీశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. మినహాయింపు ఉన్నదీ లేనిదీ కలగలిసినప్పుడు విడదీసే విధానం ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే వాక్యం, చివరి పేజీలో: సందేహము కలిగినచో సంస్థ ఉద్యోగికి అనుకూలముగా భావించవలెను. అది ఉద్యోగుల సంఘం పోట్లాడి పెట్టించుకున్న వాక్యం.

గట్టు మీద పద్దెనిమిది మంది పలకల మీద చేతులు వేసి చూస్తున్నారు. సామ్రాజ్యం ఆకాశం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తోంది. సూర్యప్రకాశరావు గారు మంచివారని గానీ చెడ్డవారని గానీ చెప్పడానికి లేదు. కాగితంలో దారి కనిపిస్తే ఆ దారిన పోతారు, అంతే. దారి కనిపించింది. జీపు బానెట్ మీద పెట్టి, తన చేత్తో రాశారు.

"సదరు నాలుగు మడులయందలి ఉప్పునీరు, విధి నిర్వహణలోనున్న ఉద్యోగి స్వేదముతో విడదీయరాని విధముగా కలిసియున్నందున, యావత్తు ఉద్యోగి స్వేదముగా పరిగణించి, లైన్ క్లియర్ అవసరము లేదని ధ్రువీకరించడమైనది."

"ఉద్యోగి పేరు రాయాలి గదా సార్" అన్నాడు ఏసోబు, కొంచెం సిగ్గుపడుతూ. వాడి పేరు అంత పెద్ద కాగితంలో ఎన్నడూ ఎక్కలేదు.

సూర్యప్రకాశరావు గారు కలం ఆపి ఆలోచించారు. "కింది ఉద్యోగి స్వేదం పైఅధికారి పర్యవేక్షణలోనే వెలువడుతుంది" అన్నారు. తన పేరే రాశారు.

సామ్రాజ్యం కాగితం అందుకుని, మడత పెట్టి రొంటిన దోపుకుంది. తాడు తెంపింది. పద్దెనిమిది మందీ ఒక్కసారి మడుల్లోకి దిగారు. ఆ పూటా, మర్నాడూ, ఆ మర్నాడూ పలకలు నేలనంటి గరగరలాడుతూనే ఉన్నాయి. నాంచారమ్మ అరికాళ్ళు పగిలి ఉప్పు మండుతున్నా గట్టెక్కలేదు. వీపుల మీద చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది. పలక ముట్టి రెండేళ్ళయినా, సామ్రాజ్యం కూడా పట్టింది. నలభై టన్నులు గట్టుకెక్కాయి. ఆఖరి కుప్ప మీద తాటాకు కప్పుతుండగా మొదటి చినుకు పడింది. కాసేపటికి కుండపోతగా కురిసింది. ఖాళీ మడులు నీళ్ళతో నిండుతుంటే, పద్దెనిమిది మందీ తడుస్తూ నిలబడి చూశారు. సామ్రాజ్యం ఆ వానలో నిలబడి తనివితీరా ఏడ్చింది. పెట్టె పెట్టి చూసేవాళ్ళెవరూ అక్కడ లేరు.

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండును. కానీ కాగితం ఒకసారి పుట్టాక ఊరుకోదు. సూర్యప్రకాశరావు గారు రాసిన ధ్రువపత్రం ప్రతి పైఆఫీసుకి వెళ్ళింది. దాంతో పాటు ఉప్పు తూకం కాగితం కూడా వెళ్ళింది. నిపుణుల సంఘం రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివింది. ఒక అధికారి విధి నిర్వహణలో మూడు రోజుల్లో నలభై టన్నుల స్వేదం చిందించినట్టు తేలింది. సంస్థ చరిత్రలో అంత కష్టపడ్డవాళ్ళు లేరు. ఆగస్టు పదిహేనున ఆయనకు ఉత్తమ ఉద్యోగి పురస్కారం ప్రకటించారు.

సభ జిల్లా కేంద్రంలో, రేకుల షెడ్డులో పెట్టారు. పురస్కారానికి లబ్ధిదారు చేతుల మీదుగా శాలువా కప్పించడం ఆనవాయితీ కాబట్టి, సామ్రాజ్యాన్ని ఏసోబు వెంటబెట్టుకుని వచ్చాడు. నాంచారమ్మ కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

పెద్దాయన మైకు ముందు నిలబడి, సూర్యప్రకాశరావు గారి స్వేదం గురించి అరగంట ప్రసంగించాడు. ఆ స్వేదం ఇవాళ రాష్ట్రంలో ప్రతి ఇంట్లోనూ పప్పులో, పులుసులో పడుతోందన్నాడు. వింటున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొందరు మటుకు ఇంట్లో పప్పు తలుచుకుని కాస్త ఆగి కొట్టారు.

సామ్రాజ్యం వేదిక మెట్ల దగ్గర నిలబడి వింటోంది. మొదట నవ్వొచ్చింది. నవ్వుతూండగానే కోపం వచ్చింది. నలభై ఏళ్ళకు పైగా తాను ఆ మడుల్లో కార్చింది, నాంచారమ్మ కార్చింది, ఏసోబు తల్లి కార్చింది ఏ కాగితంలోనూ లేదు. పోనీ వానకి ముందు ఎర్రటి ఎండలో పద్దెనిమిది మందికి కారిందన్నా ఎవరూ రాయలేదు. ఆ మూడు రోజులూ సూర్యప్రకాశరావు గారు ఆఫీసు గదిలోనే ఉన్నారని అక్కడున్న సగం మందికి తెలుసు. ఎవరూ మాట్లాడలేదు.

పేరు పిలిచారు. ఆవిడ వేదికెక్కింది. అది దళసరి ఊలు శాలువా. సరిగ్గా అప్పుడే ఎక్కడో లైను తెగి కరెంటు పోయింది. ఫ్యాన్లు నెమ్మదిగా ఆగాయి. కెమెరా అతను ఫొటో సరిగా రాలేదని, అలాగే ఉండమని, ఇంకొకటి ఇంకొకటి అంటూ తీస్తున్నాడు. రేకుల కింద, సూటు మీద ఊలు శాలువాతో సూర్యప్రకాశరావు గారు చిరునవ్వు చెదరకుండా నిలబడ్డారు. ఆయన నుదుటి మీద తడి మెరిసింది. అది కనుబొమ దాటి, ముక్కు పక్కనుంచి జారి, పెదవి అంచున ఆగింది. ఆయన నాలుకకు తగిలినట్టుంది, మొహం అదోలా పెట్టారు.

సామ్రాజ్యం శాలువా అంచు సర్దుతూ దగ్గరగా వంగింది. మైకు పనిచేయడం లేదు కానీ, షెడ్డంతా నిశ్శబ్దంగా ఉండటంతో ఆవిడ మాట వెనక బెంచీలో నాంచారమ్మ దాకా వినిపించింది.

"ఇది మటుకు మీదే సారూ. దీనికి కాగితం అక్కర్లేదు."